స్పెయిన్‌లో చదువుకు వెళ్లబోయే అమ్మడికి

పెనుగొండ

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన కోర్సుల జాబితా మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీ నాన్నకు ఖర్చు బెంగ, మీ అమ్మకు నువ్వు ఒంటరిగా ఉంటావని బెంగ. నేను చదువు సంగతే రాస్తాను. విదేశీ విద్యార్థులకని విడిగా పెట్టిన తరగతుల్లోనే ఏడాదంతా గడిపి రాకు. భాష పట్టుబడేదాకా ఆ తరగతి కావాలి. అసలు చదువు మాత్రం అక్కడి పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు రాసే పరీక్షే రాసి చదువుకో.

నీ జాబితాలో మూడు రకాల కోర్సులు కలిసిపోయాయి. మొదటివి విదేశీయులకు స్పానిష్ నేర్పేవి. 1218లో పుట్టిన సలమాంకా విశ్వవిద్యాలయం వీటిని 1929 నుంచి నడుపుతోంది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం 1921లోనే మొదలుపెట్టింది. మంచి చోట్లే. కానీ అక్కడ వచ్చేది భాష, నువ్వు కోరుకుంటున్న వ్యవసాయ డిగ్రీ కాదు. రెండోవి విశ్వవిద్యాలయాలు తమ సొంత పేరుమీద ఇచ్చే మాస్టర్స్. మూడోవి ప్రభుత్వ గుర్తింపు ఉన్న అధికారిక మాస్టర్స్. వీటి పేరులో 'మాస్టెర్ ఉనివెర్సితారియో' అని ఉంటుంది. రెండోవాటిలోనూ పాఠాలు బాగుండొచ్చు. కానీ రేపు పీహెచ్‌డీ చేయాలనిపిస్తే దారి తెరిచేది మూడోదే. అందుకే ఫీజు కట్టకముందే స్పెయిన్ విశ్వవిద్యాలయాల శాఖ రిజిస్టరులో కోర్సు పేరు ఉందో లేదో చూసుకో.

అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. క్లాసు, ల్యాబు, ఇంట్లో చదువు, రిపోర్టు అన్నీ ఆ లెక్కలోనే. క్లాసులు తక్కువగా కనిపించాయని చదువు తేలికనుకోకు. మార్కులు పదికి వేస్తారు. 5 వస్తే పాసు, 7 వస్తే మంచి మార్కు, 9 వస్తే చాలా గొప్ప. 90 శాతాలకు అలవాటుపడ్డదానివి, 7 చూసి దిగులుపడకు.

ఇంగ్లీషులో చెప్పే కోర్సులవైపే నువ్వు మొగ్గుతున్నావు. స్పానిష్ రాదన్న భయమే కదా? మన అనంతపురం సంగతే చూడు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఆ జిల్లా పేదల కోసమే బతికారు. ఆయన స్థాపించిన ఆర్‌డీటీ సంస్థ అక్కడ విదేశీ భాషల బడి పెట్టి, పల్లెటూరి పిల్లలకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పింది. వాళ్లకు వచ్చిన భాష నీకెందుకు రాదు? హైదరాబాద్ ఇఫ్లూ విశ్వవిద్యాలయంలోనూ స్పానిష్ చెబుతారు. సెర్వాంతెస్ సంస్థ పెట్టే డెలె పరీక్షలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయి. బి2 చేతికొచ్చాకే స్పానిష్‌లో చెప్పే మాస్టర్స్‌లో చేరు. భాష సగం సగం వస్తే పాఠం కూడా సగమే వస్తుంది.

వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయాన్ని జాబితా అడుగున పెట్టావు. నేనైతే అన్నిటికంటే పైన రాస్తాను. ఆ ఊరి పక్కనే అల్బుఫేరా సరస్సు, దాని చుట్టూ వరిచేలు. కాలువ నీటి తగాదాలు తీర్చడానికి రైతులు తమలోంచే ఎన్నుకున్న న్యాయమూర్తులు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుంటారు. వాదన, తీర్పు అంతా నోటిమాటే. యునెస్కో 2009లో ఆ నీటి న్యాయస్థానాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయినా, మన కాలువ శివారు రైతు ఇప్పటికీ వంతు నీటికోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి మధ్య పెరిగిన నువ్వు ఆ రైతుల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడితే అందులో నీకు దక్కేది కొంచెమే.

ఒక జాగ్రత్త. వాలెన్సియాలో స్పానిష్‌తోపాటు వాలెన్సియన్, బార్సిలోనాలో కాటలాన్ కూడా అధికార భాషలే. కొన్ని పాఠాలు వాటిలో చెబుతారు. సబ్జెక్టువారీగా ఏ గ్రూపుకు ఏ భాషలో చెబుతారో ముందే అడుగు. డిగ్రీ పత్రాలకు మన విదేశాంగ శాఖ అపొస్టీల్, ప్రమాణ అనువాదకుడి స్పానిష్ అనువాదం కావలసి వస్తాయి. వాటికి టైము పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు. ఆరు నెలలకు మించి ఉండేటట్టయితే, స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెలలోపే అక్కడి విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

జాబితా మళ్లీ రాసి పంపు. ప్రతి కోర్సు ఎదురుగా నాలుగు వివరాలు ఉండాలి: అధికారికమా కాదా, ఎన్ని క్రెడిట్లు, ఏ భాషలో చెబుతారు, క్లాసులో అక్కడి పిల్లలు ఉంటారా లేదా. అవి చూశాక డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న