సగం దూరం – సంపూర్ణ సాధన

మారథాన్ పరుగు దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా పాటించిన ఈ కొలత 1921లో ప్రామాణికమైంది. ఇందులో సగం, అనగా 21.0975 కిలోమీటర్ల పరుగే హాఫ్ మారథాన్.

మారథాన్‌కు సిద్ధమయ్యే క్రీడాకారులు కొన్ని వారాల ముందు హాఫ్ మారథాన్‌లో పాల్గొనడం పరిపాటి. వారు దానిని పూర్వాభ్యాసంగా భావిస్తారు. ఆరంభంలో వేగాన్ని అదుపు చేసుకోవడం, పరుగు మధ్యలో నీరు త్రాగడం, ధరించబోయే బూట్లను పరీక్షించుకోవడం అక్కడే అలవడతాయి.

అయితే సగం దూరం పరుగెత్తినంత మాత్రాన సగం కష్టం గడిచినట్లు కాదు. మన శరీరం కండరాలలోను, కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో శక్తిని నిల్వ చేస్తుంది. సుమారు 30 కిలోమీటర్లు దాటిన పిదప ఆ నిల్వలు తరిగి, చాలామందికి కాళ్లు బరువెక్కుతాయి. హాఫ్ మారథాన్ ఆ పరీక్షకు ముందే ముగుస్తుంది. కనుక వివేకవంతుడైన సాధకుడు అందులో తన శక్తినంతా వెచ్చించడు. వెచ్చించినచో కోలుకోవడానికి అధిక కాలం పట్టి, మిగిలిన శిక్షణ కుంటుపడుతుంది. దీర్ఘదూర పరుగులో నిగ్రహమే తొలి పాఠం.

అర్థాలు: పిదప = తరువాత; వెచ్చించు = ఖర్చు చేయు; నిగ్రహం = అదుపు.

ప్రశ్న: సాధకుడు హాఫ్ మారథాన్‌లో తన శక్తినంతా ఎందుకు వెచ్చించరాదు?