నొగ మీద బరువు

శ్రీముఖలింగం



అల్లుడూ, శాన్ హోసే నుంచి యెల్లోస్టోన్ దాకా కారు వెనక ఇల్లు తగిలించుకుని వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెబితే ముందు నవ్వొచ్చింది. దాదాపు వెయ్యి మైళ్లని తెలిశాక ఆ నవ్వు ఆగింది. ఆ బండి గురించి నువ్వు పంపిన కాగితాలు నీ మరదలు చదివి వినిపించింది. పేర్లు కొత్తవే గానీ సంగతులన్నీ మన ఎడ్లబండివీ, ట్రాక్టరు తొట్టివీ. అందుకే రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. తాత ధాన్యం బస్తాలు వేయిస్తుంటే చూసేవాడివి కదా. బరువు వెనక్కి పోతే నొగ లేచి, మెడపలుపు ఎద్దుల గొంతుకి పట్టేసేది. మరీ ముందుకైతే మెడలు కుంగేవి. ఆఖరి బస్తా జానెడు అటూ ఇటూ జరిపించి, నొగ చేత్తో ఎత్తి చూసుకున్నాకే తాత ఎడ్లను పూన్చేవాడు. నీ కాగితాల్లోనూ అదే ఉంది. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. వెనకిల్లు సామానుతో 6,000 పౌన్లుంటే అది 600 నుంచి 900. తగ్గిందో, వెనకబండి తోకాడిస్తుంది. బరువైనవి ఇరుసుకి కాస్త ముందుగా, నేలమట్టాన సర్దు. నీళ్లూ బరువే, గ్యాలనుకి 8 పౌన్ల పైచిలుకు. అన్నీ వేశాక లారీలు ఆగే చోట కాటా పెట్టించు.

దారిలో తోకాడితే కంగారుపడి బ్రేకు తొక్కకు, స్టీరింగు తిప్పకు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, వెనకబండి బ్రేకు ఒక్కటే పట్టే మీట మెల్లగా నొక్కు.

ఇక కొక్కెం. ఇది నా తప్పే, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఓ ఏడు తొట్టినిండా ధాన్యంతో వంశధార గట్టు ఎక్కుతున్నాను. పిన్ను అడుగున పెట్టే క్లిప్పు పోతే, ఇంటిదాకానే కదా అని తీగముక్క చుట్టాను. గతుకులో తీగ తెగింది, పిన్ను ఎగిరిపోయింది. తొట్టి వెనక్కి జారింది. నొగ మట్టిని దున్నుకుంటూ పోయి ఎలాగో ఆగింది. దిగి చూస్తే, వెనక సైకిలు మీద వస్తున్న పిల్లాడికీ తొట్టికీ మధ్య మూరెడు జాగా. ఆ రాత్రి అన్నం దిగలేదు.

నీకు గొలుసులిచ్చారు కదా, రెంటినీ కొక్కెం కింద కత్తెరలా అడ్డంగా వెయ్యి. ఊడినా నొగ వాటి మీదే పడుతుంది. బండి విడిపోతే తనంతట తాను బ్రేకు పట్టించే సన్నతీగ ఉంటుందే, దాన్ని గొలుసుకి కాదు, కారుకే తగిలించు.

డోనర్ పాస్ 7,000 అడుగుల పైమాట. అంత దిగుడులో బ్రేకు మీదే కాలేసి కూర్చుంటే కాగిపోయి ఇక పట్టవు. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించుకో. కాలిఫోర్నియాలో వెనకబండితో 55 మైళ్లే హద్దు. ఆ రాష్ట్రం దాటాక కూడా, వెనక టైర్ల మీద వేరే రాసి ఉంటే తప్ప 65 మించకు. గాలి చూసేది బయల్దేరకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. చక్రం విప్పి బిగిస్తే తొలి 50 మైళ్లలోనే ఆగి నట్లు మళ్లీ చూసుకో. ఆగినప్పుడల్లా చక్రాల నడుమ చెయ్యి దగ్గరపెట్టి చూడు. ఒక్కటే కాగుతుంటే బేరింగో బ్రేకో చెడుతున్నట్టు. గ్యాసు సిలిండరు వాల్వు మూసేశాకే బండి కదలాలి.

శివరాత్రి వెళ్లాక మన ఊరి చక్రతీర్థ స్నానానికి జనం తొట్టెల్లో కిక్కిరిసి వచ్చేవారు, గుర్తుందా? నీతో వస్తున్న మీ అమ్మా ఆ తొట్టెల్లో తిరిగిన మనిషే. ‘వెనకింట్లో మంచం ఉంది, కాస్త నడుం వాలుస్తాను’ అంటుంది. ఒప్పుకోకు. అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టమూ ఒప్పుకోదు. ఆవిడ కోప్పడితే మావయ్య వద్దన్నాడని చెప్పు. అక్క తిట్లు నాకు అలవాటే.

మీ మావయ్య