బొమ్మల మెరుగునకు మేర యున్నదా?

టెలివిజనునకు తగిలించి ఆడుకొను వీడియో ఆటల యంత్రములు కొన్ని యేండ్ల కొకసారి క్రొత్త రూపమున వెలువడుచుండును. అట్టి యొక్కొక్క రూపమును తరమందురు. జపాను దేశమందలి సోనీ సంస్థ మొదటి ప్లేస్టేషనును 1994లో విడుదల చేసెను. పిమ్మట 2000, 2006, 2013, 2020 సంవత్సరములలో తక్కిన నాలుగు తరములు వచ్చినవి. మొదటి రెండు తరముల బొమ్మలకు గల భేదమును పసివాడైనను గుర్తింపగలడు. నాలుగైదు తరముల భేదమును కనిపెట్టుటకు పెద్దలు సైతము రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలసి వచ్చుచున్నది. దీనికి కారణ మేమి?

ఈ యాటలలోని మనుష్యులు, చెట్లు, కొండలు చాలవరకు చిన్న చిన్న త్రిభుజములను కూర్చి కట్టిన రూపములే. త్రిభుజములు హెచ్చినకొలది రూపము నునుపెక్కును. ఒక వృత్తమును గీచి, అందు ఆరు సమభుజముల బొమ్మను ఇమిడ్చినచో, అది వృత్తవైశాల్యమున నూటికి సుమారు 82.7 పాళ్లు నిండును. భుజములను 12 చేసినచో 95.5 పాళ్లు, 24 చేసినచో 98.9 పాళ్లు, 48 చేసినచో 99.7 పాళ్లు నిండును. ప్రతిసారియు శ్రమ రెట్టింపైనది. లాభము మాత్రము మొదట 12.8 పాళ్లు, పిదప 3.4 పాళ్లు, తుద కొక పాలైనను లేదు. తీపి సరిపోయిన పాయసమున మరికొంత బెల్లము వేసినట్లే యిది.

కంటికిని హద్దు కలదు. ఒక డిగ్రీ కోణమున 60వ వంతునకు లోబడిన సూక్ష్మమును సామాన్యమైన కన్ను వేరుపరుప జాలదు. నాలుగవ ప్లేస్టేషను తెరపై సుమారు 20 లక్షల చుక్కలతో బొమ్మను చూపగా, ఐదవది 83 లక్షల చుక్కల వరకు చూపగలదు. దూరముగా కూర్చుండిన వానికి ఆ చుక్కలు విడివిడిగా కనబడవు.

యంత్రశక్తి పెరుగుదలయు మందగించినది. రెండవ ప్లేస్టేషనులో ముఖ్యస్మృతి 32 మెగాబైట్లు. మూడవదానిలో రెండు భాగములును కలిసి 512, నాలుగవదానిలో 8192, ఐదవదానిలో 16384. రెండుమార్లు పదునారు రెట్లు పెరిగిన స్మృతి కడపట రెండు రెట్లే పెరిగినది.

అట్లని ప్రగతి ఆగినదనుట సరికాదు. అది త్రోవ మార్చుకొన్నది. ఐదవ తరమున, తిరుగు చక్రముల హార్డుడిస్కునకు బదులు కదలిక లేని వేగవంతమైన నిల్వసాధనమును వాడిరి. అందువలన ఆట తెరచుకొనుటకై వేచియుండు కాలము మిక్కిలి తగ్గినది. నీటిలో నీడలు, లోహముపై వెలుగులు సహజముగా కనబడునట్లు కాంతికిరణముల మార్గమును లెక్కించు విధానమును చేరినది.

బొమ్మల మెరుగే ఆటకు ప్రాణము కాదనుటకు నిదర్శనములు కలవు. 2006లో నింటెండో సంస్థ విడుదల చేసిన వీ యంత్రము చిత్రశక్తిలో మూడవ ప్లేస్టేషనునకు చాల తీసికట్టు. అయినను చేయి ఆడించి ఆడు క్రొత్త పద్ధతిచే అది పది కోట్లకు పైగా అమ్ముడుపోయి, దానిని మించెను. 2011లో పూర్తిరూపమున వచ్చిన మైన్‌క్రాఫ్టు ఆటలో లోకమంతయు ఘనాకారపు దిమ్మెలే. 2023 నాటికి దాని ప్రతులు 30 కోట్లకు పైగా అమ్ముడైనవి.

కావున క్రొత్త యంత్రము వచ్చిన దనగానే తలిదండ్రులను వేధించుట తగదు. అది కంటికి కనబడు మేలు చేయునా, లేక ప్రకటనలో మాత్రమే మెరయునా యని విచారించి, పిమ్మట వ్యయమును గూర్చి తలచుట వివేకము.