నేల ఉసిరితో కామెర్లు తగ్గుతాయా?

మన హాస్టల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఇంటి నుంచి వచ్చే మొదటి మాట "ఊరికి రా, పసరు పోయిద్దాం" అని. ఆ పసర్లలో తరచుగా వాడేది నేల ఉసిరి. వానలు పడగానే పొలం గట్ల మీద మొలిచి, ఆకుల అడుగున చిన్న చిన్న కాయలు కాసే మొక్క ఇదే. దీని శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. దీని గురించి మేము చదివి తెలుసుకున్నది తోటి విద్యార్థులతో పంచుకుంటున్నాము.

కామెర్లు జబ్బు కాదు, ఒక లక్షణం. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడతాయి. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినవారు పసరు వల్లే తగ్గిందనుకుంటారు. తాగనివారికి కూడా తగ్గిందని ఎవరూ లెక్కపెట్టరు.

హెపటైటిస్ బి, సి అలా కాదు. ఇవి రక్తం ద్వారా, బి అయితే తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతాయి. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి కాలేయాన్ని గట్టిపరుస్తాయి, క్యాన్సర్‌కూ దారితీయవచ్చు.

నేల ఉసిరి సారం హెపటైటిస్ బి వైరస్‌కు అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం ఈ పొడిని 30 రోజులు ఇచ్చి చూసింది. ఈ వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నారు. పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. మందు లేని ఉత్త పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంతో ఆశ కలిగింది. కానీ తర్వాత థాయిలాండ్, న్యూజిలాండ్ దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు.

అంటే మొక్కల్లో మందు లేదని కాదు. మలేరియాను తగ్గించే ఆర్టెమిసినిన్ మొక్క నుంచి వచ్చిందే. అయితే పరీక్షలకు నిలిచాకే అది మందు అయింది.

మరి మనమేం చేయాలి?

1. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

2. ఒకరి బ్లేడు మరొకరు వాడకూడదు.

3. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోవాలి. 1997లో దేశంలో తొలిసారి ఈ టీకాను జన్యు సాంకేతికతతో తయారుచేసింది మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ అని గర్వంగా చెప్పుకోవచ్చు.

4. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది. బి ని అదుపులో ఉంచే మాత్రలూ ఉన్నాయి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద వీటిని ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

పసరు కోసం ఊరి బస్సు ఎక్కేముందు ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుందాం. వచ్చింది ఏ వైరస్సో తెలిస్తేనే సరైన వైద్యం మొదలవుతుంది.