ఒకే పండుగ – రెండు చిత్రములు

స్వదేశాభిమానమును కవి పద్యమునను, గాయకుడు పాటలోను, చిత్రకారుడు రంగులతోను ప్రకటింతురు. ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసున ఒకే పండుగను గూర్చి ఇరువురు చిత్రకారులు రెండు చిత్రములను రచించిరి.

1870వ సంవత్సరమున ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. ఫ్రాన్సు ఓడిపోయి ఆల్సేసు సీమను, లొరేనులో కొంత భాగమును కోల్పోయెను. 500 కోట్ల ఫ్రాంకుల పరిహారమును చెల్లింపవలసి వచ్చెను. 1871లో పారిసుననే అంతఃకలహము చెలరేగి వేలకొలది జనులు మడిసిరి. అయినను ఆ దేశము త్వరలోనే తేరుకొని, 1878లో పారిసున ప్రపంచ ప్రదర్శనమును నెలకొల్పెను. ఆ సందర్భమున ప్రభుత్వము జూన్ 30వ తేదీని శాంతికిని శ్రమకును పండుగగా ప్రకటించెను. వీథులన్నియు నీలము, తెలుపు, ఎరుపు వన్నెల జాతీయ పతాకములతో నిండిపోయెను.

నాడు క్లాడ్ మోనే అను చిత్రకారుడు మోంతోర్గెయి వీథిని పోవుచు ఒక మేడను చూచెను. ఇంటివారి అనుమతిని వేడి పైకెక్కి, అచటినుండి ఆ వీథిని చిత్రించెను. కంటికి తోచిన వెలుగును, కదలికను చురుకైన కుంచె గీతలతో పట్టుకొనుట ఇంప్రెషనిస్టుల పద్ధతి. ఆ చిత్రమును దగ్గరనుండి చూచినచో రంగుల గీతలే కనబడును. కొంత దూరమునకు జరిగినచో పతాకములు రెపరెపలాడును, జనసమూహము కదలాడును. జాతి ఉత్సాహమంతయు అందు మూర్తీభవించినది.

ఎడువార్ మానే ఆ ఇంప్రెషనిస్టులకు మిత్రుడు. యుద్ధకాలమున పారిసు ముట్టడింపబడినపుడు ఆయన జాతీయ రక్షకదళమున పనిచేసెను. ఆయన అదే పండుగనాటి మోస్నియే వీథిని చిత్రించెను. అందును ఇండ్లపై పతాకములు కలవు; గుఱ్ఱపుబండ్లలో వచ్చిన భాగ్యవంతులు కలరు. కాని వీథికి ఒక ప్రక్కన, ఒంటికాలి మనుజుడొకడు చంకకర్రల ఊతతో వీపు మనవైపు త్రిప్పి నడచిపోవుచుండును. ఆతడు యుద్ధమున కాలు పోగొట్టుకొన్న సైనికుడై యుండునని పలువురు తలంతురు.

మోనే చూపినది జాతి సంతోషము. మానే చూపినది దానికై కొందరు చెల్లించిన మూల్యము. ఈ రెండింటిలో ఏదియు అసత్యము కాదు. పతాకమును చూచి పొంగిపోవుట దేశాభిమానమే. ఆ పతాకము క్రింద కుంటుచు పోవువానిని మరువకుండుటయు దేశాభిమానమే.