పరీక్ష అయింది, మరి పట్టీ ఏదీ?
(తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ.)

మార్కెట్ యార్డులో ధాన్యం కాటా అయ్యాక ఏ రైతూ తక్‌పట్టీ లేకుండా ఇంటికి రాడు. కాటా చూపిన తూకం చూస్తుండగానే మారిపోతుంది. నిలిచేది పట్టీ ఒక్కటే. ప్రోగ్రాములకు పెట్టే పరీక్షల సంగతీ అంతే. తెరమీద 'పాస్' అని ఆకుపచ్చగా కనబడితే చాలదు. ఆ ఫలితం ఇతరులు చదవగల ఫైలుగా బయటకు రావాలి. దీన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు.

ఉదాహరణకు, మార్కులు ఇస్తే పాసో ఫెయిలో చెప్పే చిన్న ప్రోగ్రాం పైథాన్ భాషలో రాశామనుకుందాం. 35 వస్తే పాస్ అని నియమం. 60తో ఒకసారి, 20తో ఒకసారి పరీక్షిస్తాం. పైటెస్ట్, కవరేజ్ అనే ఉచిత సాధనాలుంటే కమాండ్ లైన్‌లో, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, ఇలా కొట్టాలి:

కవరేజ్ రన్ -ఎం పైటెస్ట్ --జేయూనిట్ఎక్స్ఎంఎల్=ఫలితం.ఎక్స్ఎంఎల్

దీనితో రెండు ఫైళ్ళు తయారవుతాయి.

మొదటిది ఫలితం ఫైలు. ఏ పరీక్ష నెగ్గింది, ఏది తప్పింది, ఎంత సమయం పట్టింది అన్నీ అందులో ఉంటాయి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జావా కోసం రాసిన జేయూనిట్ పేరే ఈ పద్ధతికి నిలిచింది. దీన్ని పరీక్ష నడిపేటప్పుడే అడగాలి, తర్వాత అడిగితే రాదు.

రెండవది, ప్రోగ్రాంలో ఏ వరుసలు నడిచాయో దాచిన ఫైలు. 2019లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఇది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. మామూలుగా తెరిస్తే ఏమీ అర్థం కాదు. అయితే పరీక్షలు మళ్ళీ నడపకుండానే 'కవరేజ్ రిపోర్ట్' అంటే తెరమీద పట్టిక, 'కవరేజ్ హెచ్‌టిఎంఎల్' అంటే బ్రౌజర్‌లో చదివే పేజీలు, 'కవరేజ్ ఎక్స్ఎంఎల్', 'కవరేజ్ జేసన్' అంటే ఇతర ప్రోగ్రాములు చదివే ఫైళ్ళు వస్తాయి. మళ్ళీ 'కవరేజ్ రన్' కొడితే మాత్రం పాత లెక్క చెరిగిపోతుంది. కాబట్టి ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

మౌసుతో చేయకూడదా అంటారేమో. కమాండు అయితే రోజూ రాత్రి మనిషి లేకుండా యంత్రమే నడుపుకుంటుంది. పైటెస్ట్ ముగిశాక ఒక అంకె కూడా ఇస్తుంది: 0 అంటే అన్నీ నెగ్గాయి, 1 అంటే కొన్ని తప్పాయి, 5 అంటే అసలు పరీక్షలే దొరకలేదు.

ఇప్పుడు అసలు విషయం. మన ఉదాహరణలో రెండు పరీక్షలూ నెగ్గాయి, కవరేజ్ 100 శాతం. కానీ ప్రోగ్రాంలో '35 గాని, అంతకు మించి గాని' అనడానికి బదులు '35 కంటే ఎక్కువ' అని ఉంటే? సరిగ్గా 35 తెచ్చుకున్న కుర్రాడు ఫెయిలవుతాడు! వంద శాతం అంటే వరుసలన్నీ నడిచాయనే గాని, సరిగా నడిచాయని కాదు. మార్కులను పారామీటర్లుగా ఇచ్చి ఉంటే ఫలితం ఫైలులో పరీక్ష పేరు పక్కనే ఆ అంకె పడుతుంది. 60 ఉంది, 20 ఉంది. చదివిన మిత్రుడు "35 ఏదిరా?" అని అడుగుతాడు. ఫైలు చేతిలో ఉంటేనే కదా ఆ ప్రశ్న పుట్టేది!

కనుక మిత్రులారా, ప్రాజెక్టు రికార్డుతోపాటు ఈ ఫైళ్ళనూ జతచేయండి. లెక్చరర్ గారికి ఇచ్చేముందు పక్క బెంచీవాడి చేత ఒకసారి చదివించండి.