మైకు కట్టేశాక

ఒంగోలు

బాబూ,

నీ ఉత్తరం అందింది. ఆదివారం రెండు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో గృహ కూటాలు, పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దాన వచనం, యూట్యూబ్‌లో లైవ్. ఇవన్నీ వరసగా రాసి, చివర్న "ప్రార్థనలో పెదాలే కదులుతున్నాయి పెదనాన్నా" అన్నావు. ఆ ఒక్క ముక్కకే జవాబు రాస్తున్నాను.

కంగారు పడకు. ప్రేమ చల్లారిందని బాధపడుతున్నావంటే లోపల ఇంకా వేడి ఉన్నట్టే. అలాగని తేలిగ్గానూ తీసుకోకు. ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో ఎఫెసు సంఘాన్ని చూడు. కష్టపడ్డారు, ఓర్చుకున్నారు, దొంగ అపొస్తలుల్ని కనిపెట్టేశారు. మన దగ్గరైతే ఆ కాపరికి శాలువా కప్పి సన్మానం చేసేవాళ్లం. ప్రభువు మాత్రం మొదటి ప్రేమ వదిలేశారన్నాడు. పౌలు మూడేళ్లు కన్నీళ్లతో బోధించిన చోటు అది, తిమోతిని ఉంచిన చోటు. పౌలు వాళ్లకు రాసిన పత్రిక ముగిసింది కూడా, ప్రభువును చెక్కుచెదరకుండా ప్రేమించేవాళ్లకు దీవెనతోనే. అంత పునాది పడ్డ చోట కూడా, పని ఒక్కరోజు ఆగకుండానే ప్రేమ జారిపోయింది. పని ఆగితే సంఘమంతా అడుగుతుంది, ప్రేమ ఆగితే అడిగేవాళ్లుండరు.

మార్త సంగతి ఒకటి చెప్పాలి. మన ప్రసంగీకులు ఆవిడకు ఊరికే చాకిరేవు పెడతారు. వడ్డించడం తప్పని యేసు అనలేదు. పని ఒత్తిడిలో చెల్లెలి మీద ఆవిడకు పుట్టిన చిరాకునే ఎత్తి చూపాడు. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో, బేతనియలో విందు రోజున, మార్త మళ్లీ వడ్డిస్తూనే ఉంది. ఈసారి చెల్లెలి మీద ఫిర్యాదు లేదు. అందుకే పరిచర్య తగ్గించుకోమని ముందుగా చెప్పడం లేదు. ఎవరి మీద విసుక్కుంటున్నావో గమనించు. కీబోర్డు వాయించే కుర్రాడు పది నిమిషాలు ఆలస్యమైతే ఒంటికాలి మీద లేస్తున్నావా, ఆరోజు పొద్దున ప్రభువు దగ్గర కూర్చున్నావో లేదో గుర్తు తెచ్చుకో.

మన ఒంగోలు వాళ్లకు 1878 అంటే గర్వం. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు అంతకంటే 1854 జనవరి 1 ఇష్టం. మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు, ఐదుగురంటే ఐదుగురు తెల్లవారుజామున ఈ ఊరి కొండెక్కి ఈ ప్రాంతం కోసం మోకరించారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో వాళ్లను పంపినవాళ్లు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. ఆ బాప్తిస్మాల నాటి మిషనరీ క్లౌ దొర ఈ ఊరికి రావడమే 1866లో. చూపించుకోవడానికి లెక్కలేమీ లేని ఆ కొండ మీద వాళ్లకు దేవుడు తప్ప చూసేవాడెవడు? ఆ పక్క వెళ్లినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన.

ఇక నువ్వు చెయ్యాల్సింది. బైబిల్లో ఒక పుస్తకం తీసుకుని, దాని మీద ప్రసంగం చెయ్యనని నిర్ణయించుకో. హోషేయ బాగుంటుంది. నోటుబుక్కూ ఫోనూ పక్కగదిలో పెట్టి చదువు. వాక్యం తెరవగానే మూడు పాయింట్లు వెతుక్కునే జబ్బు మన కాపరులందరిదీ. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి, కీబోర్డూ ప్యాడ్లూ లేకుండా, నీకోసం పాడుకో. శ్రుతి తప్పినా ప్రభువు ఏమీ అనుకోడు. మంచాన పడ్డ విశ్వాసి ఒకరి దగ్గరికి వారానికోసారి వెళ్లిరా. ఫొటో వద్దు, స్టేటస్ అసలే వద్దు. ప్రార్థనలో మాట రాకపోతే రావడం లేదనే చెప్పు ప్రభువుకు. కన్నీళ్లు తెప్పించుకోవాలని చూడకు, అవి రాని రోజులు బోలెడుంటాయి. ఆ రోజుల్లోనూ వేళకు వెళ్లి కూర్చో.

ఇదంతా ఎంతవరకు జరుగుతోందో నన్ను అడగొద్దు, కోడల్ని అడుగు. నీ ముఖం చూసి తనే ముందు చెప్పేస్తుంది. సోమవారం ఏ కూటమూ ఒప్పుకోనని సంఘ పెద్దలకు ఈ వారమే చెప్పు. ఎవరైనా నొచ్చుకుంటే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న